ఫ్రాన్స్‌లో నాలుగైదు రోజుల మోటార్‌హోమ్ యాత్ర: ఎటు వెళ్లాలి?

ఫ్రాన్స్‌లో మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని నాలుగైదు రోజులు తిరిగి రావాలనుకునేవారు ముందు పటం తెరిచి, పేరు విన్న ఊళ్లన్నింటి మీదా చుక్కలు పెడతారు. పారిస్ నుంచి లావెండర్ తోటలకు, అక్కడి నుంచి ఆల్ప్స్‌కు, తిరిగి పారిస్‌కు ఒక గీత గీస్తారు. ఆ గీత పట్టుకుని వెళ్లినవారికి బాగా గుర్తుండేది టోల్ గేట్లే. సెలవు తక్కువగా ఉన్నప్పుడు నేనైతే ఒకే ప్రశ్నతో మొదలుపెట్టమంటాను: బండి తాళాలు చేతికొచ్చే చోటు నుంచి మూడు గంటల్లో చేరగలిగిన ప్రాంతం ఏది? మిగతా లెక్కలన్నీ దాని తరువాతే.

అయిదు ప్రాంతాలను పోల్చి చూద్దాం: నార్మండీ, బ్రిటనీ, లువార్ లోయ, అల్సాస్, ప్రొవాన్స్. వాటి జోలికి వెళ్లే ముందు దేనితో కొలవాలో తేల్చుకోవాలి.

దేనితో కొలవాలి?

మొదటిది స్టీరింగ్ వెనుక గడిపే సమయం. 3.5 టన్నుల లోపు మోటార్‌హోమ్‌కు కార్లకున్న వేగ పరిమితులే వర్తిస్తాయి: మోటార్‌వేపై గంటకు 130 కిలోమీటర్లు, మామూలు రెండు వరుసల రోడ్లపై చాలాచోట్ల 80. అంతకు మించిన బరువున్న బండికి మోటార్‌వేపై 110 దాటకూడదు. కాగితం మీద సంగతి అది. మూడు మీటర్ల ఎత్తున్న పెట్టెను గాలిలో 130తో తోలాలని ఎవరికీ అనిపించదు. అనిపించినా వెనుక అరల్లోని గిన్నెలు ఒప్పుకోవు. ఫోను మ్యాపు చూపే సమయానికి పావు వంతు కలుపుకోండి. తొలిరోజు సగం పూట బండి అప్పగింతకే పోతుంది: టాయిలెట్ క్యాసెట్ (మలినం చేరే తొట్టి) ఎలా ఖాళీ చేయాలి, గ్యాస్ ఎక్కడ ఆపాలి, నీళ్ల పంపు మీట ఏది అన్నీ చూపిస్తారు. ఆ తరువాత సూపర్‌మార్కెట్‌లో సరుకులు. చివరిరోజు బండి కడిగి, డీజిల్ నింపి అప్పగించాలి. అయిదు రోజుల అద్దెలో తిరగడానికి నిజంగా దక్కేది నాలుగు రోజులు. అందుకే రోజుకు రెండు గంటల డ్రైవింగ్, మహా అయితే మూడు.

రెండోది రాత్రి బస. ఈ విషయంలో ఫ్రాన్స్ మిగతా యూరప్ కన్నా ఎంతో ఉదారం. చాలా ఊళ్లలో మోటార్‌హోమ్‌ల కోసమే ‘ఏర్’ అనే ఆగుచోట్లు ఉంటాయి. మంచినీళ్లు పట్టుకోవడానికి, మురుగునీరు వదలడానికి, క్యాసెట్ ఖాళీ చేయడానికి అక్కడ ఏర్పాటు ఉంటుంది. కొన్ని ఉచితం, కొన్నింటికి కార్డుతో చెల్లించాలి. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టకుండా చాలాచోట్ల నీళ్లు ఆపేస్తారు. ఫ్రాన్స్ పాసియోన్ అనే పథకంలో ఏటా సభ్యత్వం కడితే రైతులు, ద్రాక్షతోటల వాళ్లు తమ స్థలంలో ఒక రాత్రి ఉచితంగా ఆగనిస్తారు. ఏదైనా కొనాలన్న నిర్బంధం లేదు కానీ, ఒక సీసా ద్రాక్షరసమైనా కొనకుండా బయటపడటానికి మనసు రాదు. మామూలు పార్కింగ్‌లో ఆగితే ఆగినట్టే ఉండాలి. గొడుగు చాపి, కుర్చీలు పరిచారంటే అది క్యాంపింగ్ కిందికి వస్తుంది. కుర్చీలు వేసుకుని సాయంత్రం గడపాలంటే క్యాంప్‌సైట్‌కే వెళ్లండి.

మూడోది ఎత్తు, వెడల్పు. సముద్రతీరాల్లో, పట్టణాల్లో చాలా పార్కింగ్‌ల ముఖద్వారం దగ్గర సుమారు రెండు మీటర్ల ఎత్తులో అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. అది మన బండిని ఆపడానికే. బండి కచ్చితమైన ఎత్తు చీటీ మీద రాసి డ్రైవర్ ఎదురుగా అతికించుకోవడం చాదస్తం కాదు.

నాలుగోది టోల్. రెండు నుంచి మూడు మీటర్ల ఎత్తు, 3.5 టన్నుల లోపు బరువున్న బండి రెండో తరగతి కిందికి వస్తుంది, అంటే కారు కన్నా ఎక్కువ. డీజిల్ మోటార్‌వే బంకుల్లో కన్నా సూపర్‌మార్కెట్ బంకుల్లో చౌక. పంపు మీద ‘గాజోల్’ అని ఉంటే అది డీజిల్. గ్యాసోలిన్ అనుకుని వెనుదిరగకండి.

అయిదోది తిండి. శాకాహారులకు ఫ్రెంచ్ పల్లెల్లో హోటల్ భోజనం కష్టమే. మోటార్‌హోమ్‌లో ఆ కష్టం సగం తీరిపోతుంది, ఎందుకంటే వంటిల్లు వెంటే ఉంటుంది. అయినా ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా ఉంది. దాన్ని ఆయాచోట్ల చెబుతాను.

ఒక్క చూపులో

| ప్రాంతం | ఎవరికి దగ్గర | టోల్ | రోడ్లు, పార్కింగ్ | మంచి కాలం | కనీసం |
|---|---|---|---|---|---|
| నార్మండీ | ఇంగ్లండ్, పారిస్ | పారిస్ నుంచి వస్తే ఉంది | సులువు. వారాంతం రద్దీ | మే–సెప్టెంబరు | 4 రోజులు |
| బ్రిటనీ | ఫెర్రీలో వచ్చేవారు | లేదు | మంచి రోడ్లు. తీరంలో ఎత్తు కమ్మీలు | జూన్, సెప్టెంబరు | 5–6 రోజులు |
| లువార్ లోయ | పారిస్ | ఉంది | చదును, చాలా సులువు | ఏప్రిల్–అక్టోబరు | 3 రోజులు |
| అల్సాస్ | జర్మనీ, స్విట్జర్లాండ్ | లోయలో దాదాపు లేదు | రోడ్లు బాగు. ఊరి నడుమ ఇరుకు | మే–అక్టోబరు, డిసెంబరు | 3 రోజులు |
| ప్రొవాన్స్ | మార్సెయ్, నీస్ | ఉంది | ఇరుకు, మలుపులు | మే, జూన్, సెప్టెంబరు | 6–7 రోజులు |

నార్మండీ: తొలిసారి వెళ్లేవారికి

ఇంగ్లండ్ నుంచి వచ్చేవారికి నా మొదటి సూచన ఇదే. పోర్ట్స్‌మత్ నుంచి రాత్రి ఫెర్రీ ఎక్కితే తెల్లారేసరికి కాఁ పట్టణపు రేవు ఊయిస్త్రెయామ్‌లో దిగుతారు. అక్కడి నుంచి 1944 జూన్ 6న మిత్రసేనలు దిగిన తీరం గంటలోపే. ఫోక్‌స్టన్ నుంచి సొరంగం రైలు 35 నిమిషాల్లో కలే చేరుస్తుంది, కానీ కలే నుంచి ఓంఫ్లూర్ దాదాపు 280 కిలోమీటర్లు. టికెట్‌లో మిగిలింది రోడ్డు మీద ఖర్చవుతుంది. నాలుగు రోజులే ఉంటే ఫెర్రీ మేలు.

ఇక్కడ తిరగడంలో సుఖం ఏమిటంటే, చూడవలసినవన్నీ ఒక వరుసలో ఉంటాయి. ఎత్రెతా సుద్దరాతి కొండలు, సేన్ నది ముఖద్వారం మీద 1995లో తెరిచిన నార్మండీ వంతెన, దాని అవతల ఓంఫ్లూర్ పాత రేవు. ఓంఫ్లూర్‌లో వందకు పైగా బండ్లు పట్టే ఆగుచోటు రేవుకు నడక దూరంలోనే ఉంది. శనివారం మధ్యాహ్నానికి నిండిపోతుంది కనుక, అక్కడికి శుక్రవారమో ఆదివారమో రాత్రి పడేలా ప్రయాణం వేసుకోండి. ఆ తరువాత ఆరోమాంష్ దగ్గర సముద్రంలో మిగిలిన యుద్ధకాలపు కృత్రిమ రేవు దిమ్మెలు, కొల్‌విల్ దగ్గర 9,300కు పైగా సమాధులున్న అమెరికన్ స్మశానవాటిక. 1066 నాటి నార్మన్ల దండయాత్ర కథ చెప్పే బాయో కుట్టుచిత్రం కోసమే వెళ్లాలనుకుంటే మాత్రం ఆగండి: అక్కడి మ్యూజియం పునర్నిర్మాణం కోసం 2025 సెప్టెంబరులో మూతపడింది, 2027లో తిరిగి తెరవాలని ప్రణాళిక.

చివరి మజిలీ మోం-సాం-మిషెల్, తీరంలో మఠం ఉన్న రాతికొండ. బండిని కొండకు రెండున్నర కిలోమీటర్ల ఇవతలే ఆపాలి, అక్కడి నుంచి షటిల్ బస్సు. చాలామంది పగలు పదకొండుకు చేరి, ఇరుకు వీధిలో భుజాలు రాసుకుంటూ పైకెక్కి, విసుగుతో దిగివస్తారు. మోటార్‌హోమ్ ఉన్నవారికి అంత అవసరం లేదు. పక్కనున్న బోవ్వార్ ఊళ్లోనో, చుట్టుపక్కల క్యాంప్‌సైట్‌లోనో రాత్రి బస పెట్టుకుని, పర్యాటక బస్సులు వెళ్లిపోయిన సాయంత్రం వెళ్లండి. అక్కడ ఆటుపోట్ల తేడా దాదాపు 14 మీటర్ల దాకా ఉంటుంది; పెద్ద పోటు రోజులు ముందే ప్రకటిస్తారు, ఆ రోజున వెళ్లగలిగితే కొండ ద్వీపంగా మారడం కళ్లారా చూడవచ్చు. గైడు లేకుండా ఆ ఇసుకలోకి మాత్రం దిగకండి.

లోపాలూ ఉన్నాయి. వాన ఎప్పుడైనా పడుతుంది. సముద్రం చల్లన, ఈతకని వెళ్లే పిల్లలు నిరాశపడతారు. పారిస్ నుంచి వచ్చే ఏ13 మోటార్‌వే మీద ఇప్పుడు టోల్ గేట్లు లేవు. కెమెరా నంబరు తీసుకుంటుంది, మనం 72 గంటల్లోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. అద్దె బండిలో టోల్ పరికరం ఉందో లేదో తీసుకునేటప్పుడే అడగండి. పరికరం లేక, కట్టడమూ మరిస్తే జరిమానా, దాని మీద అద్దె సంస్థ రుసుము రెండూ ఇంటికి వస్తాయి.

కలే మీదుగా వచ్చేవారికి ఒక మాట. గంట దూరం లోపలికి మళ్లితే న్యూవ్-షాపెల్ అనే చిన్న ఊళ్లో భారత సైనికుల స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ రంగంలో చనిపోయి, సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు దాని గోడల మీద చెక్కి ఉన్నాయి. 1927లో ఆవిష్కరించారు, హెర్బర్ట్ బేకర్ రూపకల్పన. నార్మండీ యుద్ధభూములు చూడటానికి అంత దూరం వెళ్లేవారు దీనికి ఒక గంట కేటాయించడం న్యాయం.

బ్రిటనీ: రోజులుంటే ఇదే

అయిదింటిలో నాకు బాగా నచ్చేది బ్రిటనీ, కానీ నాలుగు రోజులకు దీన్ని సిఫారసు చేయను. కారణం విస్తీర్ణమే. సాం-మాలో నుంచి గులాబీరంగు గ్రానైట్ తీరంలోని పెర్రోస్-గిరెక్‌కు 170 కిలోమీటర్ల చిల్లర. దక్షిణాన కర్నాక్‌కూ దాదాపు అంతే. రెండూ చూడాలంటే ద్వీపకల్పాన్ని అడ్డంగా కోసుకుంటూ పోవాలి. ఉత్తరమో దక్షిణమో ఒకటి తేల్చుకుంటే అయిదు రోజులు హాయిగా సరిపోతాయి.

ఉత్తరం ఎంచుకున్నవారు సాం-మాలో కోటగోడల మీద నడిచి, తూర్పునున్న కాంకాల్ చూసి, వెనుదిరిగి పడమరకు సాగి, పెర్రోస్-గిరెక్ నుంచి ప్లూమానాక్ వరకు తీరం వెంట కాలిబాటలో వెళ్లవచ్చు. అది జీఆర్34 అనే సుదీర్ఘ నడకదారిలో ఒక ముక్క. దక్షిణం ఎంచుకుంటే కర్నాక్‌లో వరుసలు కట్టి నిలిచిన మూడు వేల నిలువురాళ్లు. 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. వేసవిలో రాళ్ల మధ్యకు గైడుతోనే వెళ్లనిస్తారు, చలికాలంలో స్వేచ్ఛగా తిరగవచ్చు.

బ్రిటనీ నాలుగు వరుసల రహదారులపై టోల్ లేదు, పెద్ద బండికి ఇది చిన్న విషయం కాదు. మునిసిపాలిటీ క్యాంప్‌సైట్లు చౌకగా, శుభ్రంగా ఉంటాయి. చాలావరకు వేసవి సీజన్‌లోనే తెరుస్తారు. సముద్రం కనిపించే పార్కింగ్‌లలో మాత్రం ఎత్తు కమ్మీలు, రాత్రి ఆగరాదన్న బోర్డులు ఎక్కువ.

తిండి విషయంలో శాకాహారులకు ఊరట ఇక్కడే. గోధుమ కలపని బక్‌వీట్ పిండితో పలచగా పోసే గలెత్ మన అట్టుకు దూరపు చుట్టం. జున్ను, గుడ్డు, పుట్టగొడుగులు, మేక జున్నుతో వాల్‌నట్‌లు, ఏది కావాలంటే అది వేయించుకోవచ్చు. ‘కాంప్లేత్’ అడిగితే పంది మాంసం ఉంటుంది. వద్దంటే ‘సాం జాంబోన్’ అని ముందే చెప్పండి. ఇంకో చిన్న సంగతి: బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదు, అంటే నెయ్యి డబ్బా, పనీర్ ఇంట్లోనే వదలాలి. అక్కడ వెన్న కొని కాచుకుందామనుకునేవారు చూసి కొనండి, బ్రిటనీ వెన్న మామూలుగా ఉప్పు వేసింది. అట్ట మీద ‘దూ’ అని ఉన్నది ఉప్పు లేనిది.

లువార్ లోయ: పారిస్‌లో బండి తీసుకునేవారికి

పారిస్ నుంచి కోటల ఊరు అంబ్వాజ్ సుమారు 225 కిలోమీటర్లు. ఆ తరువాత ఏ రోజూ గంటకు మించి నడపనవసరం లేదు: అంబ్వాజ్ నుంచి షెనోన్సో 15 కిలోమీటర్లు, బ్లువా 35, అక్కడి నుంచి షాంబోర్ మరో 16. నేల చదును, రోడ్లు వెడల్పు. మోటార్‌హోమ్ ఎప్పుడూ తోలనివారు చేయి తిప్పుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

అంబ్వాజ్‌లో లువార్ నది మధ్యనున్న బంగారు దీవి మీద బండి పెట్టుకుని, వంతెన దాటి కోటకు నడిచిపోవచ్చు. లియొనార్డో డావించి చివరి మూడేళ్లూ ఈ ఊళ్లోని క్లో లూసే భవనంలోనే గడిపి 1519లో కన్నుమూశాడు. అదే ఏడాది షాంబోర్ కోట పని మొదలైంది. ఒకదాన్నొకటి చుట్టుకుంటూ, ఎక్కేవారూ దిగేవారూ ఎదురుపడకుండా సాగే దాని జంట మెట్ల వెనుక అతని ఆలోచన ఉందని చాలామంది నమ్ముతారు. పిల్లలను ఒకరిని ఒక మెట్ల మీద, ఇంకొకరిని మరో మెట్ల మీద పంపండి. మధ్యలోని కిటికీల్లోంచి ఒకరినొకరు చూసుకుంటారే తప్ప కలవలేరు. అరగంట సులువుగా గడిచిపోతుంది.

ఇబ్బంది కోటలతోనే. ప్రతిదానికీ మనిషికింత టికెట్, మూడో కోట దగ్గరకు వచ్చేసరికి గదులన్నీ ఒకేలా కనిపిస్తాయి. రోజుకు ఒకటి చాలు. మిగతా సమయానికి సైకిళ్లు అద్దెకు తీసుకోండి. నది వెంట సాగే సైకిల్ దారి మొత్తం దాదాపు 900 కిలోమీటర్లు, అందులో పది కిలోమీటర్లు తొక్కినా తనివితీరుతుంది. సముద్రం, కొండలు కావాలనుకునేవారికి ఈ ప్రాంతం చప్పగా అనిపిస్తుంది.

అల్సాస్: జర్మనీలో ఉన్నవారు ఇంకెటూ చూడనక్కర్లేదు

స్టుట్‌గార్ట్ నుంచి స్ట్రాస్‌బూర్గ్ 150 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి 220. పారిస్ నుంచైతే 490. అక్కడ బండి తీసుకుని అల్సాస్‌కు వచ్చే మాటైతే రైల్లో వచ్చి స్ట్రాస్‌బూర్గ్‌లోనే అద్దెకు తీసుకోవడం తెలివైన పని.

మార్లెన్‌హైమ్ నుంచి తాన్ వరకు సుమారు 170 కిలోమీటర్ల ద్రాక్షతోటల దారి మీద కైజర్స్‌బెర్గ్, రిక్‌విర్, ఎగిషైమ్ లాంటి ఊళ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఫ్రాన్స్ పాసియోన్ సభ్యత్వానికి అసలు విలువ దక్కేది ఇక్కడ. ఊరి నడిబొడ్డులోకి మాత్రం బండి దించకండి, కర్రదూలాల పాత ఇళ్ల పై అంతస్తులు వీధి మీదికి వంగి ఉంటాయి. స్ట్రాస్‌బూర్గ్‌లో క్యాంప్‌సైట్‌లో బండి వదిలి నగరం లోపలికి ట్రామ్‌లోనో బస్సులోనో వెళ్లడం ఉత్తమం.

డిసెంబరు క్రిస్మస్ సంతలు గొప్పగా ఉంటాయి. స్ట్రాస్‌బూర్గ్ సంత 1570 నుంచీ జరుగుతోంది. అప్పుడు చలి, జనం రెండూ భరించాలి. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు కొండప్రాంతాల్లో చలికాలపు టైర్లు లేదా గొలుసులు ఉండాలన్న చట్టం మోటార్‌హోమ్‌లకూ వర్తిస్తుంది, కనుక వోజ్ కొండలెక్కేముందు అద్దె సంస్థను అడగండి. ఇక్కడి పేరున్న వంటకం, పలచటి రొట్టెలాంటి ఫ్లామ్‌కూష్ మీద పంది మాంసపు తునకలు చల్లడం రివాజు. శాకాహారులు ముందే చెప్పాలి.

ప్రొవాన్స్: వాయిదా వేయండి

అందరూ మొదట అడిగేది ఇదే, చిన్న యాత్రకు నేను చివర పెట్టేదీ ఇదే. కలే నుంచి అవిన్యోన్ వెయ్యి కిలోమీటర్లు. పారిస్ నుంచి 690. బండితో అంత దూరం వెళ్తే పోనూ రానూ రెండేసి రోజులు పోతాయి. రైలులో అవిన్యోన్‌కు రెండున్నర గంటల పైచిలుకు. లేదా విమానంలో మార్సెయ్ చేరి అక్కడ బండి తీసుకోవాలి.

చేరాక కూడా రోడ్లు దయ చూపవు. వెర్దోన్ లోయ అంచున సాగే దారులు ఇరుకు, ఒకవైపు కొండచరియ, మరోవైపు లోతు. ఏడు మీటర్ల బండితో ఎదురు బస్సు వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడపాలి. వాలాన్సోల్ లావెండర్ చూడాలంటే జూన్ నడిమి నుంచి జూలై నడిమి వరకే. ఆ రోజుల్లోనే ఎండా, జనమూ, అద్దెలూ. వేసవిలో కార్చిచ్చు ముప్పున్న రోజున అడవి ప్రాంతాల్లోకి వెళ్లే దారులు మూసేస్తారు. ఉత్తరం నుంచి బలంగా వచ్చే మిస్త్రాల్ గాలి వీస్తే ఎత్తు బండి స్టీరింగును రెండు చేతులతో పట్టుకోవాలి. వారం సెలవు ఉండి, మేలోనో సెప్టెంబరులోనో వెళ్లగలిగితే సాంత్-క్రువా సరస్సు, మూస్త్యే ఊరు మనసు దోచుకుంటాయి. అంతకన్నా తక్కువైతే చిన్న కారు, హోటల్ గది మేలు.

ఎవరు ఎటు?

పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి లువార్. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాలంటే మెట్లు, నడక తక్కువగా ఉండేదీ అదే, కోట లోపలి మెట్లు మినహాయిస్తే. పదేళ్లు నిండని పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. బండిలో ఎన్ని పడకలున్నాయన్నది కాక, బెల్టు ఉన్న సీట్లెన్ని అన్నది చూడండి; ఆరు పడకలున్నా సీట్లు నాలుగే ఉండే బండ్లు కొల్లలు.

నడక, సముద్రపు గాలి ఇష్టపడే జంటకు బ్రిటనీ. చరిత్ర చదువుకున్న టీనేజీ పిల్లలుంటే నార్మండీ. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయలుదేరి సోమవారం పొద్దుటికి తిరిగి రావాలనుకునే జర్మనీ వాసులకు అల్సాస్.

బుక్ చేసే ముందు

లండన్‌లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. అది చేతికి రాకముందే వెనక్కి ఇవ్వని టికెట్లు కొనకండి. భారత లైసెన్సుతో నడపాలనుకునేవారు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇంటి దగ్గరే తీసుకుని రావాలి. చట్టం ఒప్పుకున్నా, వయసు, లైసెన్సు వచ్చి ఎన్నేళ్లయింది అన్నవాటిపై అద్దె సంస్థలకు వేరే నియమాలుంటాయి. జూలై, ఆగస్టులలో చాలా సంస్థలు వారానికి తక్కువ ఇవ్వవు. నాలుగు రోజుల యాత్రకు మే, జూన్, సెప్టెంబరు నెలలే చూసుకోవాలి.

బండి తీసుకునే రోజు శనివారం కాకుండా చూసుకోండి. వేసవి శనివారాల్లో ఫ్రాన్స్ మొత్తం రోడ్డెక్కుతుంది; బీజోన్ ఫ్యూతే అనే ప్రభుత్వ ట్రాఫిక్ సేవ ఏ రోజు పచ్చ, ఏ రోజు ఎరుపు, ఏ రోజు నలుపు అని ముందే చెబుతుంది. నలుపు అన్న రోజున ఎక్కడున్నవారు అక్కడే ఉండి పప్పు తాలింపు వేసుకోవడం మంచిది. అయితే పైకప్పు కిటికీ పూర్తిగా తెరిచి వేయండి. ఇంగువ వాసన ఆ చిన్న గదిలోని పరుపులకు పడితే అప్పగించే రోజుకు కూడా పోదు, శుభ్రం చేసే రుసుము డిపాజిట్‌లోంచి తీసుకుంటారు.